మంత్రి గారూ, మా స్లాట్ మే నెల మధ్యాహ్నం ఇప్పియ్యండి

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారం సార్,

మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ దిక్కు. మీసేవల పనిచేస్త. వికలాంగుల సర్టిఫికెట్‌కి స్లాట్లు బుక్ చేసుడు నాకు రోజువారీ పని, సదరం అన్నప్పటి నుంచి ఇప్పుడు యూడీఐడీ అనేదాకా ఎంతమందికి చేసిన్నో లెక్కలేదు, నా ఇంటి మనిషికి మాత్రం సర్టిఫికెట్ తెచ్చుకోలేకపోయిన. అందుకే రాస్తున్న.

నా భార్యకి మల్టిపుల్ స్క్లెరోసిస్ సార్, ఎమ్మెస్ అంటరు. తను టైలరింగ్ చేస్తది. ఆరేండ్ల కింద ఒకరోజు ఎర్ర జాకెట్ గుడ్డకి దారం కలుపుకుంటా "ఏందో గానీ రెండు ఎరుపులు కనబడుతున్నయి" అన్నది. ఎడమ కన్ను మూస్తే పండు మిరపకాయ ఎరుపట, కుడి కన్ను మూస్తే ఉతికి ఉతికి వెలిసిపోయిన ఎరుపట. కన్ను అటిటు తిప్పితే నొప్పి. అద్దాల షాపుల అద్దాలిచ్చిన్రు, నెలన్నరకి చూపు దానంతట అదే సక్కగైతే మేం అద్దాల పుణ్యమే అనుకున్నం. నిజానికి అది కంటి నరం వాపు, ఎమ్మెస్ చానామందిల అట్లనే మొదలైతదని తర్వాతెప్పుడో తెలిసింది.

రెండేండ్లకి కాళ్లు బిగుసుకపోయుడు, తిమ్మిర్లు మొదలైనయి. మా దిక్కు కాళ్లు బిగుసుకుంటే ఎవరైనా అనేది ఒకటే మాట, ఫ్లోరైడ్. అనుకోరా మరి, పటిక సున్నం వేసి నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టిన్రాయె. ఎక్స్‌రేలు తీయించినం, పసరు మందు తాగించినం, మా అమ్మయితే దిష్టి కూడా తీయించింది. మిషన్ మీద తల వంచితే మెడ నుంచి నడుము దాకా కరెంట్ కొట్టినట్టయితుందని తను ఎన్నిసార్లు చెప్పినా నేనే పట్టించుకోలే, ఊకె వంగి కుట్టబట్టి అనుకున్న. చివరికి హైదరాబాద్‌ల నరాల డాక్టరు ఆ ఒక్క మాట పట్టుకొని ఎమ్మారై రాసిండు, మెదడుల, మెడ దగ్గర వెన్నుపాముల తెల్ల మచ్చలు కనబడ్డయి.

నాకు అర్థమైన తీరు చెప్త సార్. బోరు మోటరు కేబుల్ మీద రబ్బరును ఎలుక కొరికిందనుకోండి, మోటరు ఒకసారి ఆడుతది, ఒకసారి ఆగుతది. నరాల మీద మైలిన్ అని అసొంటి తొడుగే ఉంటది, ఈడ కొరికే ఎలుక మాత్రం బయటది కాదు, రోగాలొస్తే కొట్లాడాల్సిన మన ఒంట్లో శక్తే ఎదురు తిరిగి కొరుకుతది. ఎందుకు తిరుగుతదో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఎక్కువ 20 నుంచి 40 ఏండ్ల మధ్య వాళ్లకి, మగవాళ్ల కంటే ఆడవాళ్లకి ఎక్కువ. అంటుకునేది కాదు. పూర్తిగా నయం చేసే మందు లేదు గానీ అటాకులు, అంటే ఉన్నట్టుండి రోగం ఎక్కువయ్యే సార్లు, తగ్గించే మందులున్నయి, మొదటిది 1993లో అమెరికాల వచ్చింది. ఎంత తొందరగా మొదలువెడితే అంత మేలు. మేం అద్దాలు, పసరు అనుకుంటా ఎన్నేండ్లు పోగొట్టుకున్నమో మీరే చూడుర్రి.

ఇగ అసలు సంగతి. ఎమ్మెస్ రోజుకోతీరు ఉంటది, ఎండకైతే మరీ ఘోరం. ఒళ్లు ఒక్క అర డిగ్రీ వేడెక్కినా దెబ్బతిన్న నరాల్లో కబురు ఆగిపోతది, ఒళ్లు అలిసినంక కాసేపు చూపు మసకబారుడు 1890ల ఉథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు రాసిపెట్టిండు, ఈ వేడి సంగతిని కూడా ఆయన పేరుతోనే పిలుస్తరు. ఒళ్లు చల్లబడితే మళ్ల తేరుకుంటరు. ఆయనకి మా నల్గొండ మే నెల తెల్వది గానీ మాకు తెలుసు. మధ్యాహ్నం రెండింటికి మంచం నుంచి బాత్రూం దాకా ఎనిమిదడుగులు, మా ఎనిమిదేండ్ల బిడ్డ తడి తువ్వాల వాళ్లమ్మ మెడ మీద వేసి, గోడకి చెయ్యి ఆనించి నడిపిస్తది. మాకు స్లాట్ వచ్చిందేమో డిసెంబర్‌ల, పొద్దుగాల పదింటికి. ముందురోజంతా పండుకొని లేచింది, చల్లగ ఉంది, డాక్టరు నడువుమంటే పది అడుగులు సక్కగనే నడిచింది. నాకైతే అప్పుడు సంతోషపడాల్నో ఏడ్వాల్నో అర్థం కాలే. 30 శాతం వేసిన్రు. 40 లేకపోతే 4,016 పింఛను రాదు, మిగతావి కూడా చానా వరకు రావు. 2016 వికలాంగుల చట్టంల 21 రకాల వైకల్యాలల్ల మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు అచ్చేసి ఉన్నది సార్, పేరున్నా ఆ పొద్దు ఆమె నడిచిన పది అడుగులే లెక్కలకొచ్చినయి. డాక్టరుని తప్పువట్టను, ఆయన ముందర ఆ పొద్దు వంద మంది ఉన్నరు.

కనబడేది ఇదైతే కనబడనిది ఇంకోటి. మూత్రం ఆగదు, అందుకే హైదరాబాద్ పోవాలంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్లు ముట్టదు. ఆడవాళ్లకి బస్సు ఫ్రీ చేసిన్రు, మంచిదే, కానీ నిలవడే జాగ ఉండదు, నిలవడలేని మనిషి టికెట్ లేకుండ పోయి ఏం చేయాలె. రాత్రంతా నిద్రపోయి లేచినా పొద్దుగాలకే అలసట, దాన్ని చుట్టాలు బద్ధకం అంటరు. కాలు తూలితే తాగిందా అన్నోళ్లు కూడా ఉన్నరు, ఆ రోజు నుంచి తను పెండ్లిళ్లకి పోవుడు బంద్ చేసింది.

మిమ్మల్ని అడిగేది పెద్దగేం లేదు. ఎమ్మెస్ అని ఎమ్మారై ఉన్నోళ్లకి ఆ ఒక్క పూట నడక చూసి కాకుండ, ఏడాదిల ఎన్ని అటాకులొచ్చినయో నరాల డాక్టరు చీటీలు చూసి శాతం వేయమనండి. అటాక్ వస్తే మూడు నుంచి ఐదు రోజులు రోజుకో గ్రాము స్టెరాయిడ్ సెలైన్‌ల ఎక్కిస్తరు, నరాల డాక్టరు రాసిచ్చినంక అది జిల్లాలనే ఎక్కించే ఏర్పాటు చేయండి, దాని కోసం హైదరాబాద్ దాకా ఎందుకు. మా ఆశా అక్కలకి ఫ్లోరైడ్ కాళ్లకి, ఈ కాళ్లకి తేడా ఒక్క పూట కూసోబెట్టి చెప్పించండి, ఒక కన్ను మసక, తల వంచితే షాక్, ఈ రెండు గుర్తువెట్టుకున్నా చాలు.

మే 30 ప్రపంచ ఎమ్మెస్ దినం సార్. ఆరోజు ఇంగ్లీషుల పోస్టర్ వేస్తరో వేయరో గానీ, మా అప్పీల్ స్లాట్ మాత్రం ఆ నెలల, మధ్యాహ్నం రెండింటికి ఇప్పియ్యండి. తడి తువ్వాల లేకుండ తీసుకొస్త.

ఇట్లు,
మర్రిగూడ దిక్కు మీసేవ ఆపరేటర్