బీరువాలో సైన్సు కిట్టు, చేలో శనక్కాయ చెట్టు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

నాలుగో తరగతి చదువుతున్న మా మనవరాలు ఇటీవల ఒక పరీక్షలో, మనం తినే వేళ్లకు రెండు ఉదాహరణలు రాయమంటే క్యారెట్, వేరుశనగ అని రాసి వచ్చింది. రెండోదాన్ని కొట్టేసి పక్కన ‘ముల్లంగి’ అని ఎర్రసిరాతో దిద్దారు. ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేదు. “పేరులోనే వేరు ఉంది కదా తాతా” అని ఆ పిల్ల అడిగిన ప్రశ్నే ఈ ఉత్తరానికి కారణం. శనక్కాయ పంటకు పేరుపడ్డ అనంతపురం జిల్లాలో, బడి ప్రహరీకి అవతలే చేను ఉన్న ఊళ్లో, ఆ చెట్టును ఒక్కసారి పెరికి చూపించి ఉంటే ఈ తప్పు జరిగేదే కాదు.

జూలైలో విత్తిన చేలో ఆగస్టు నెలాఖరుకు ఒక చెట్టును మట్టితో సహా పెరికితే ఒక పూట పాఠానికి సరిపడా సరంజామా చేతికి వస్తుంది. పసుపుపచ్చని పువ్వు నేలపైనే పూస్తుంది. ఫలదీకరణ అయ్యాక దాని అడుగు నుంచి సాగిన ఊడ కిందికి దిగి మట్టిలో దూరుతుంది. ఆ ఊడ కొసనే కాయ కడుతుంది. కాయ మట్టిలో ఉన్నంతమాత్రాన వేరు కాదని, పిల్లలు ఆ ఊడ వెంట వేలు పోనిచ్చి కొమ్మ దాకా వెళ్లి తామే తేల్చుకుంటారు. వేళ్లను కడిగితే ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. గోటితో గిల్లితే వాటిలోపల లేత ఎరుపు ఉంటుంది. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవులు అక్కడ పనిచేస్తున్నాయనడానికి అదే గుర్తు. ‘ఇవి పురుగు పట్టిన వేళ్లా సార్?’ అని పిల్లలే అడుగుతారు, పాఠం అక్కడి నుంచి నడుస్తుంది.

సామగ్రి లేక ఇది జరగడం లేదనుకుంటే పొరపాటు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం మొదలైనప్పుడు ప్రాథమిక పాఠశాలలకు ఇచ్చిన వస్తువుల్లో సైన్సు కిట్టు కూడా ఉంది. నేను ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన ఒక బడిలో అది ఇనుప బీరువాలో ఏళ్ల తరబడి భద్రంగా ఉండేది. ఒక గాజు గొట్టం పగిలితే స్టాకు రిజిస్టరులో జవాబు చెప్పుకోవాల్సింది నేనే కాబట్టి, తాళంచెవి నా జేబులో ఉన్నన్నాళ్లూ నేనూ దాన్ని పెద్దగా బయటికి తీయలేదని ఒప్పుకుంటున్నాను. తనిఖీకి వచ్చినవారు వస్తువులు లెక్కకు సరిపోయాయా అని చూశారే గాని, వాటిలో ఏవైనా అరిగాయా అని ఒక్కరూ అడగలేదు.

ఆ తర్వాత వచ్చిన పెద్ద పథకాలు ఈ పిల్లల దాకా రావడమే లేదు. పిల్లలు సొంతంగా పరికరాలు తయారుచేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబుకు 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు, అది ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా చదివేవారికి. పిల్లల కొత్త సైన్సు ఆలోచనలకు ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డులూ ఆరో తరగతి నుంచే. పెద్ద పిల్లలకు ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. కానీ కనిపించిన ప్రతిదాన్నీ తాకి చూసే ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులో పరిసరాల విజ్ఞానాన్ని ప్రశ్నలు జవాబులుగా బట్టీ పట్టించి, ఆరో తరగతికి రాగానే ప్రయోగాలు చేయమనడం విచిత్రంగా ఉంది.

ఈ వయసు వారికి కావలసింది లక్షలు కాదు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నుంచి వచ్చే నాపరాయిని కొంచెం గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండితే బుడగలు వస్తాయి. గుట్ట మీది నల్లరాయి పొడితో రావు. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ఆగస్టు రెండో వారంలో, ఒక్కోచోట ఒక్కో రోజు, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆవరణలో నిలువుగా పాతిన కర్రకు ఆ క్షణాన నీడ ఉండదు. అది గడియారంలో పన్నెండింటికి కాదు, పన్నెండుంపావు దాటాక జరుగుతుందని పిల్లలు కనిపెడితే ఎందుకన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. ఆ రోజు మబ్బు పడితే నిరాశ అక్కర్లేదు, పక్కలు నిటారుగా ఉన్న గ్లాసును బయట పెట్టి వాననే స్కేలుతో కొలవవచ్చు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో మాత్రమే వాన పడే జిల్లాలో అంతకంటే అవసరమైన లెక్క ఏముంటుంది?

ఐదు తరగతులకూ ఒక్కరే ఉన్న బడిలో ఇవన్నీ ఎలా కుదురుతాయని ఉపాధ్యాయ మిత్రులు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. అయితే నీడ కొలవడం, వాన కొలవడం వంటివి మూడు, నాలుగు, ఐదు తరగతులను కలిపి కూర్చోబెట్టే బడికే బాగా నప్పుతాయి. పెద్దవారు కొలుస్తారు, చిన్నవారు బొమ్మ గీస్తారు. నిజమైన ఇబ్బంది మా శిక్షణలో ఉంది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలతో మొదలై 2002 దాకా సాగిన సైన్సు బోధన కార్యక్రమంలో, పిల్లలు చేయబోయే ప్రయోగాలను ముందుగా ఉపాధ్యాయులే శిక్షణలో కూర్చుని చేశారు. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులంతా కలిసే మన కాంప్లెక్స్ సమావేశాల్లో మాత్రం ఉత్తర్వులు చదివి వినిపించడం, వివరాలు యాప్‌లో నింపడంతోనే పొద్దు పోతుంది.

కాబట్టి విద్యాశాఖను రెండే కోరుతున్నాను. ప్రాథమిక పాఠశాలల సైన్సు కిట్టులో పగిలినవి, అరిగినవి ఉపాధ్యాయుని సంతకంతోనే స్టాకు నుంచి తీసివేయవచ్చని స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే బుక్కపట్నం, రాయచోటి, బి.తాండ్రపాడు డైట్ కళాశాలల అధ్యాపకులు కాంప్లెక్స్ సమావేశాలకు వచ్చి, నెలకు ఒక పూటైనా ఉపాధ్యాయుల చేత ఇలాంటి ప్రయోగాలు చేయించాలి. మొదటి సమావేశం ఆగస్టులో పెడితే శనక్కాయ చెట్లకు వెతుక్కోనక్కరలేదు.

ఇట్లు
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
అనంతపురం