వ.పా. బొమ్మ గోడెక్కే ముందు

ఒరేయ్,

పాత చందమామ, యువ పత్రికలు కట్టగా దొరికాయనీ, వాటికి చిత్రకారుడు వడ్డాది పాపయ్య (వ.పా.) వేసిన ముఖచిత్రాలు చించి ఫ్రేము కట్టిస్తాననీ రాశావు. ముందు ఆ కత్తెర పక్కన పెట్టు. అట్ట విడదీస్తే సంచికా పోతుంది, అది ఏ నెలదో చెప్పే పేజీ కూడా పోతుంది. అట్ట ఎలాగూ ఊడిపోయిన సంచికలు కొన్ని ఉంటాయి, గోడకి అవి చాలు.

బైండు చేసిన వాటిని జాగ్రత్తగా చూడు. బైండింగులో మూడు వైపులా అంచులు కోసేస్తారు కాబట్టి, అంచుకి దగ్గరగా ఉన్న 'వ.పా.' సంతకం సగం తెగి ఉండొచ్చు. అసలుదో నకలో తేల్చుకోవాలంటే పదింతల భూతద్దం పెట్టు. పాత అచ్చులో రంగులు క్రమం తప్పని చుక్కల వరసల్లో కనిపిస్తాయి. ఇంక్‌జెట్ నకలులో చుక్కలు ఇసుక జల్లినట్టు చెదిరి ఉంటాయి.

పిన్నులు తుప్పు పట్టి ఉంటే లాగకు, కాగితం చిరిగి వచ్చేస్తుంది. సంచిక మధ్య పేజీ తెరిచి, మొద్దు చాకుతో పిన్ను కాళ్లు నిటారుగా లేపి, అప్పుడు వెనకనుంచి తియ్యి. చిరుగులకి సెల్లో టేపు మాత్రం వెయ్యనే వెయ్యొద్దు. దాని జిగురు కాగితంలోకి ఇంకి పసుపు మరక కడుతుంది, అదిక పోదు. లామినేషనూ అంతే, ఒకసారి చేశాక వెనక్కి తీసే దారి లేదు.

ఫ్రేములో అట్టని దేనికీ అతికించకు. యాసిడ్ లేని మౌంట్ బోర్డు మీద నాలుగు మూలలా ఫోటో కార్నర్లు పెట్టి నిలబెట్టు. పైన వేసే, మధ్యలో కిటికీలా కోసిన బోర్డు బొమ్మ అంచుని 3 మి.మీ. మాత్రమే కప్పాలి. ఆ బోర్డు మందమే అద్దానికీ బొమ్మకీ మధ్య ఖాళీ ఇస్తుంది. ఖాళీ లేకపోతే చెమ్మకి అచ్చు అద్దానికి అంటుకుంటుంది, విడదీస్తే రంగు అద్దంతోనే వచ్చేస్తుంది. వెనకాల మామూలు అట్టముక్క, ప్లైవుడ్ వద్దు, వాటిలోని ఆమ్లం కాగితాన్ని గోధుమరంగుకి తిప్పుతుంది. ఫ్రేము కింది మూలలకి రబ్బరు బుడిపెలు అతికిస్తే గోడ చెమ్మ దూరంగా ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద శత్రువు వెలుగు. అచ్చు రంగుల్లో ఎరుపు, పసుపు ముందు వెలుస్తాయి, నీలం, నలుపు మిగులుతాయి. వ.పా. ఆడవాళ్ల బుగ్గల్లో ఆ పసుపుపచ్చని వెచ్చదనమంతా వెలిసి, ముఖం నీలంగా పాలిపోయిన అట్ట చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అతినీలలోహిత కిరణాల్ని అడ్డుకునే యూవీ అద్దం ఈ వెలవడాన్ని కొంత ఆపుతుంది, పూర్తిగా కాదు. ఎండ పడే గోడైతే 600 డీపీఐలో స్కాన్ చేసి, స్కానర్లో అచ్చు చుక్కల్ని చెరిపే 'డీస్క్రీన్' ఆన్ చేసి (లేకపోతే చుక్కలు కలిసి అలల గీతలు వస్తాయి), ఆ ప్రింటే తగిలించు. అసలుది పాలియెస్టర్ కవర్లో, చదునుగా, చీకట్లో ఉంచు.

కట్ట విప్పాక ఏ ఏళ్లవి ఉన్నాయో రాయి. చందమామ మొదలైంది 1947 జూలైలో కదా, ఆ తొలి రోజుల సంచిక ఒక్కటున్నా దాన్ని తాకకముందే నాకు చెప్పు.

నీ
నేస్తం