‘పది సెకన్లే కదండీ’ అంటున్నారు: పరిశ్రమల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. విజయనగరం జిల్లాలో ఒక చిన్న పారిశ్రామికవాడలో ప్యాకింగ్ ఫోమ్ తయారుచేసే యూనిట్ నాది. మా కరెంటు గురించి ఇది నేను రాస్తున్న ఏడో ఉత్తరం. మొదటి ఆరింటికీ జవాబు రాలేదని అనను. ప్రతిసారీ ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది, మీ అర్జీని సంబంధిత అధికారికి పంపించాం అని. ఆ సంబంధిత అధికారి ఎవరో కనుక్కోవడానికి ఏడాది తిరిగాను. కనుక్కునేసరికి ఆయనకి బదిలీ అయిపోయింది. కొత్తాయన ఫైల్ మొదటి పేజీ నుంచి చదువుకొస్తున్నారట. ఈలోగా సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ ‘పరిష్కరించబడింది’ అని ఇంకో మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చెబితే నేనూ సంతోషిస్తాను.

మా పారిశ్రామికవాడ పథకం గురించి మీకు నేను చెప్పేదేముంటుంది. ఎస్టేట్‌కి ప్రత్యేక ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి మాకే విడిగా ఒక లైన్, వేస్తామని రాయి వేసిన రోజు వేదిక మీద చెప్పారు. ఆ మాట నమ్మి బ్యాంకు అప్పు తెచ్చాం. సబ్సిడీ రెండో విడత సంగతి ఇందులో ఎత్తను, అది వేరే ఉత్తరానికి సరిపడా బాధ. కరెంటు ఒక్కటే చెబుతాను.

దీన్ని కోత అని కూడా అనలేను. పేపర్లో ప్రకటించే కోతయితే ముందే మిషన్ ఆపుకుంటాం, పనివాళ్లని మధ్యాహ్నం రమ్మంటాం. మాకొచ్చేది అది కాదు. టక్కున పోతుంది. పది సెకన్లకో, రెండు నిమిషాలకో వస్తుంది. మళ్లీ పోతుంది. మా లైన్ సబ్‌స్టేషన్ నుంచి నేరుగా రాదు. మూడు ఊళ్లు తిరిగి, జీడితోటల్లోంచి, సరుగుడు తోటల్లోంచి దూరి, పొలాల మోటార్లకి పంచగా మిగిలింది మా దాకా వస్తుంది. గాలికి కొమ్మ తగిలితే ట్రిప్పు. కొంగ వాలితే ట్రిప్పు. లైన్‌మన్‌ని అడిగితే నవ్వుతాడు. అతన్ని ఒక్క మాట అనను, ఒక్కడే అయిదు ఊళ్లు చూస్తాడు.

ఈ సంగతి చెబితే మీ వాళ్లు అనే మాట ఒకటే, ‘పది సెకన్లే కదండీ’. ఆ మధ్య ఒక మీటింగ్‌లో అయితే, అంత చిన్నవి లెక్కలోకే రావన్నారు. వాళ్ల లెక్కలోకి రాకపోతే నా నోటుబుక్కులోకి వస్తున్నాయి, పోయినప్పుడల్లా ఒక గీత. పోయిన మార్చి పేజీ రెండు వైపులా నిండిపోయి, అట్ట లోపల కూడా రాసుకున్నాను.

ఆ పది సెకన్లలో నా షెడ్‌లో ఏం జరుగుతుందో ఓపిగ్గా చదవండి.

మేం వాడేది ఎల్‌డీపీఈ, అంటే మెత్తటి రకం పాలీఎథిలీన్ ప్లాస్టిక్ గింజలు. మావాళ్లు దానా అంటారు. దానాలో కాస్త టాల్క్ పొడి, ఫోమ్ ముడుచుకుపోకుండా జీఎంఎస్ అనే మైనం లాంటి పదార్థం కలిపి బ్యారెల్‌లోకి, అంటే వేడిచేసే పొడవాటి గొట్టంలోకి, వదిలితే లోపల స్క్రూ తిరుగుతూ ముద్దగా కరిగిస్తుంది. ఆ ముద్దలోకి పంపుతో గట్టి ఒత్తిడి మీద బ్యూటేన్ గ్యాస్ ఎక్కిస్తాం. ఆ తర్వాత కొద్దికొద్దిగా చల్లారుస్తూ, డై దగ్గరికి, అంటే ముద్ద బయటికొచ్చే మూతి దగ్గరికి, వచ్చేసరికి 105, 110 డిగ్రీల మధ్య నిలబెట్టాలి. అసలు పనితనమంతా అక్కడే ఉంది. కాస్త వేడెక్కువైతే నురగ కూలిపోతుంది, తక్కువైతే బిగుసుకుపోతుంది. అన్నీ కుదిరితే డై దాటగానే ఒత్తిడి తగ్గి, నూనెలో పూరీలా పొంగి, గొట్టంలా బయటికొస్తుంది. దాన్ని చీల్చి, పరిచి, రోల్ చుడతాం. ఘనపు మీటరు సరుకు 20, 25 కిలోలే తూగుతుంది. గాలి అమ్ముకుని బతుకుతున్నారని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది.

ఇదంతా నడుస్తుండగా కరెంటు పోయిందనుకోండి. స్క్రూ ఆగుతుంది, గ్యాస్ పంపు ఆగుతుంది. బ్యారెల్ లోపల ఒత్తిడితో ఉన్న ముద్ద మాత్రం ఆగదు, డైలోంచి కక్కుతూనే ఉంటుంది. దాంతోపాటు గ్యాస్ కూడా. సరిగ్గా అప్పుడే షెడ్ పెద్ద ఫ్యాన్లు ఆగిపోతాయి. బ్యూటేన్ గాలికి రెట్టింపు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది. గాలిలో రెండు శాతం దగ్గరికి చేరిందంటే చిన్న నిప్పురవ్వ చాలు. మా ఫోమేమో రాపిడికే రవ్వలు పుట్టించే సరుకు. దువ్వెనకి కాగితం ముక్కలు అంటుకుంటాయి చూడండి, ఆ కరెంటే. అందుకే ప్రతి రోలర్‌కీ ఎర్త్ తీగ వేశాం. ఇన్వర్టర్ మీద నడిచేలా రెండు చిన్న ఫ్యాన్లు, గ్యాస్ అలారం పెట్టాం. కరెంటు పోగానే గ్యాస్ వాల్వు కట్టేసి, తలుపులన్నీ బార్లా తీసి, అందరం ఆరుబయట నిలబడతాం. రాత్రి షిఫ్టులో కూడా అంతే. ‘కరెంటు పోనాది బాబూ’ అని ఫోన్ వస్తే నేను ముందు అడిగేది సరుకు సంగతి కాదు, అందరూ బయటికొచ్చారా అని.

మా ఆపరేటర్ సూరత్‌లో ఏడేళ్లు ఇదే పని చేశాడు. తల్లికి ఒంట్లో బాగోక తిరిగొచ్చేశాడు. వలసలు ఆపుతాం అని మీరంతా అంటారే, ఆ ఆగిన వలస అతనే. ‘అక్కడ కరెంటు పోవడవంటే మాకు తెల్దు బాబూ’ అంటాడు. మళ్లీ వెళ్లిపోతానని ఇంకా అనలేదు. అంటే ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

కరెంటు పది సెకన్లకే వచ్చిందనుకుందాం. వచ్చింది కదా అని స్విచ్ నొక్కితే నడిచే మిషన్ కాదిది. లోపలి ముద్దంతా తీసేయాలి. గ్యాస్ లేకుండా ఉత్త దానా నడిపి కడగాలి. ఒక్కో జోన్ వేడి మళ్లీ సర్దుకోవాలి. మందం ఒకే తీరుగా వచ్చేదాకా వచ్చిందంతా స్క్రాపే. మూడు గంటలు తక్కువ పట్టదు. రోజుకి రెండుసార్లు పోతే షిఫ్ట్ అక్కడికి సరి. స్క్రాప్ కరిగించి మళ్లీ దానా చేసుకుంటాం, కానీ కొత్త దానాలో దాన్ని కొంచెమే కలపగలం. ఎక్కువ కలిపితే షీటు చిల్లులు పడుతుంది.

ఇంతవరకు చెప్పింది సగమే. పల్చటి షీటు అమ్మితే మాకు మిగిలేదేమీ లేదు, మా బతుకంతా పొరల్లో ఉంది. రోల్స్‌ని గాలి తగిలే షెడ్‌లో కొన్ని రోజులు నిలవ ఉంచుతాం, లోపలి గ్యాస్ పోయి గాలి చేరాలి కాబట్టి. ఆ తర్వాత రెండు షీట్ల మధ్యకి వేడిగాలి కొట్టి, ముఖాలు కరిగీ కరగకుండా ఉండగానే రోలర్ల మధ్య నొక్కుతాం. జిగురు వాడం. అలా పొర మీద పొర వేసుకుంటూ 50 మిల్లీమీటర్ల పలక తీస్తాం. మా అబ్బాయి దాన్ని మడతకాజా మిషన్ అంటాడు. ఆ పలకలే అద్దాలకీ, మోటార్లకీ, యంత్రాలకీ ప్యాకింగ్. ఒక పక్క వెండిరంగు ఫిల్మ్ అతికించి రేకుల షెడ్ల కింద వేడి తగ్గడానికీ ఇస్తాం. బొబ్బిలి నుంచి ఒకాయన వీణ పంపించడానికి పలక కోయించుకెళ్లాడు, డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు.

ఎనిమిదో పొర వేస్తుండగా కరెంటు పోతే షీటు కదలకుండా నిలిచిపోతుంది. హీటర్ ఆగినా దాని వేడి వెంటనే దిగదు. నిలిచిపోయిన చోట షీటు కరిగి ముద్దవుతుంది. పైపొర ఒక్కటే తీసేయడం కుదరదు, కింది ఏడూ దానితోపాటే పోతాయి. పైకి బాగానే కనబడి, లోపల పొర సరిగా అతకనిది ఇంకా ప్రమాదం. మొన్న విశాఖ నుంచి ఒక లారీ లోడు మొత్తం వెనక్కి వచ్చింది. చేత్తో లాగితే పొరలు విడిపోతున్నాయన్నారు. నేనూ లాగి చూశాను, విడిపోయాయి. వాళ్ల తప్పు ఏమీ లేదు. బ్యాచ్ తేదీ చూసి నోటుబుక్కు తీస్తే, ఆ రోజు గీతలు నాలుగున్నాయి.

జనరేటర్ పెట్టుకోండి అని సలహా ఇచ్చారు. ఎప్పుడో పెట్టాను. అది అందుకోవడానికి పది, పదిహేను సెకన్లు పడుతుంది, ఆలోపే జరగాల్సింది జరిగిపోతుంది. మోటారు మొత్తానికి యూపీఎస్ పెట్టమన్నారు ఇంకొకరు. దాని రేటు కనుక్కుని ఆ రాత్రి అన్నం తినలేదు.

బిల్లు మాత్రం ఒక్క నెల కూడా ట్రిప్పవలేదు. నెలంతా ఆగుతూ నడిచినా కాంట్రాక్ట్ డిమాండ్‌లో, అంటే మేం వాడుకుంటామని ఒప్పందం రాసుకున్న గరిష్ఠ లోడులో, 80 శాతానికి చార్జీ కట్టాల్సిందే. ఇస్తామన్న కరెంటు సరిగా ఇవ్వనందుకు మాకేమైనా తిరిగొస్తుందా అని అడిగితే కౌంటర్‌లో అబ్బాయి నన్ను జాలిగా చూశాడు.

తుపానుల గురించి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2014లో హుద్‌హుద్ చూశాం, 2018లో తిత్లీ చూశాం. స్తంభాలు చెరకుగడల్లా పడిపోతే రాత్రింబవళ్లు నిలబెట్టినవాళ్లకి దండం పెట్టాం. నేనడిగేది ఆకాశంలో మబ్బు తునక లేని రోజు సంగతి.

ఇంకొకటి. 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ పరిశ్రమ పెట్టుబడి పరిమితి 2.5 కోట్లు చేశారు. దాంతో నేను చిన్న నుంచి సూక్ష్మంలోకి మారాను. మీ వాళ్ల కంటికి ఎందుకు ఆనడం లేదో అప్పుడు అర్థమైంది. అన్నట్టు, తనిఖీకి వచ్చినవాళ్లకి దయచేసి ఒక మాట చెప్పండి. 2022 జూలైలో అలంకరణకి వాడొద్దని నిషేధించింది థర్మకోల్‌ని. అది పాలీస్టైరీన్, మాది పాలీఎథిలీన్. వచ్చిన ప్రతిసారీ ఒక ముక్క విరిచి చూపించాల్సి వస్తోంది. థర్మకోల్ పుటుక్కున విరుగుతుంది, మాది వంగుతుంది.

ఏం కావాలో చెప్పమంటారు మీరు. ఫీడర్ వేయండి. ఇప్పుడే కాదంటే ఎప్పుడో తేదీ చెప్పండి. అది కూడా కాదంటే వానాకాలం లోపు లైన్ పొడవునా కొమ్మలు కొట్టించండి, కూలి మేమే ఇస్తాం. అసలేదీ కుదరదంటే ఆ మాట ఒక కాగితం మీద రాసివ్వండి, బ్యాంకు మేనేజర్‌కి చూపిస్తాను. కానీ ముందు ఫీడర్ వేయండి సార్. భోగాపురం విమానాశ్రయం గురించి రోజూ పేపర్లో చదివి మేమూ సంబరపడుతున్నాం. ఆ పక్కనే ఉన్న మాకు ఒక తీగ కావాలి.

వీలైతే ఒకసారి రండి. చెప్పి మాత్రం రావద్దు. మీరొస్తున్నారని తెలిస్తే ఆ రోజు కరెంటు పోదు, నేను అబద్ధాలకోరునవుతాను. ఏదో ఒక మంగళవారం మధ్యాహ్నం, కొంచెం గాలి వీస్తున్నప్పుడు రండి. టీ తాగేలోపు తెలుస్తుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక సూక్ష్మ పరిశ్రమ యజమాని,
విజయనగరం జిల్లా.

జతపరిచినవి: ఏమీ లేవు. పాత అర్జీలు ఆరూ మీ ఆఫీసులోనే ఉన్నాయి.