మే నుంచి పాలు తగ్గుతాయి, ముందే చెబుతున్నాం

మా దగ్గర పాలు పోయించుకుంటున్న తెనాలి, గుంటూరు కుటుంబాలన్నిటికీ నమస్కారం.

మే మొదటి వారం నుంచి ఆగస్టు చివరి దాకా మీ ఇంటికి వచ్చే పాలు సగానికి తగ్గుతాయి. ఈ నాలుగు నెలలూ నెయ్యి ఉండదు. గుడ్లు ఏ వారం ఎన్ని వస్తాయో చెప్పలేం. పాల ధర మాత్రం లీటరు 90 రూపాయలే, మారదు.

మా ఆరు గేదెల్లో నాలుగు చూడివి. గేదె పది నెలల పది రోజులు మోస్తుంది. అందులో ఆఖరి రెండు నెలలు పాలు తీయడం ఆపేయాలి. కడుపులో దూడ బాగా పెరిగేది అప్పుడే. పొదుగు కోలుకోవాలన్నా ఆ విరామం కావాలి. ఆపకుండా పిండుతూ పోతే దూడ బలహీనంగా పుడుతుంది, ఈనాక పాలు కూడా తగ్గిపోతాయి.

"నాలుగూ ఒకేసారి ఒట్టిపోవడమేంటమ్మా?" అని మొన్న ఒక పెద్దాయన అడిగారు. గేదెల తత్వమే అంత. ఎండాకాలంలో వాటికి మూగ ఎద వస్తుంది, అంటే ఎదకు వచ్చినా పైకి తెలియదు. అరవవు, ఎదలో కారే జిగురు తీగలు సరిగా వేయవు, కనిపెట్టడం మా అత్తయ్య లాంటి అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. ఎండలు తగ్గి చల్లబడుతున్నప్పుడు ఎద బాగా బయటపడుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో చూడి కట్టినవి జులై, ఆగస్టుల్లో ఈనుతాయి. అందుకే మన వైపు గేదె పాలకు ఎండాకాలం ఎప్పుడూ కరువే.

మరి కొన్ని డెయిరీల్లో పాలు ఏడాదంతా ఒకేలా ఎలా వస్తాయంటే, ఒట్టిపోయిన గేదెను అమ్మేసి ఈనిన గేదెను కొనుక్కొస్తారు. అలా అమ్మిన గేదె చాలాసార్లు కబేళా దారే పడుతుంది. నేనూ మా ఆయనా ఈ పని మొదలుపెట్టినప్పుడే అది మాత్రం చేయకూడదని అనుకున్నాం. పాలిచ్చినన్నాళ్లు పిండుకుని, ఇవ్వని రెండు నెలలు మేత దండగని పంపించేయడానికి మాకు మనసు ఒప్పదు. అత్తయ్య మాకిచ్చిన పెద్ద గేదె ఇప్పటికి ఐదు ఈతలు ఈనింది. ఈ చావిడిలో సగం దాని సంతానమే.

బయట పాలు కొని కలిపి పోయమని కొందరు అభిమానంతోనే అడిగారు. ఆ గేదె ఏం తిన్నదో, పొదుగువాపు ఉందో లేదో, ఏ ఇంజెక్షన్ చేసి పాలు దించారో మాకు తెలియదు. తెలియని పాలను మా క్యాన్‌లో పోసి మీ పిల్లలకు ఇవ్వలేం.

జున్ను పాల కోసం ఇప్పటి నుంచే అడుగుతున్నారు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మనుషుల్లో తల్లి కడుపులో ఉండగానే బిడ్డకు కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. దూడకు అలా దాదాపు ఏమీ అందదు. అంతా ముర్రుపాల నుంచే, అంటే ఈ జున్ను పాల నుంచే రావాలి. ఆ రక్షణను దూడ పేగులు పీల్చుకోగలిగేది పుట్టిన తొలి రోజు మాత్రమే, అదీ గంటలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే ఈనిన గంటలోపే దూడను చన్ను పట్టిస్తాం. 30 కిలోల దూడకు మొదటి రోజు మూడు లీటర్లయినా పడాలి. తొలి రోజు పాలు ఎవరికీ ఇవ్వం, ఎంత దగ్గరివాళ్లు అడిగినా సరే. రెండో రోజు నుంచి దూడ తాగగా మిగిలితే వరసగా ఒక్కో ఇంటికి పంపుతాం.

పెయ్య దూడకైనా దున్న దూడకైనా మా దగ్గర ఇదే పద్ధతి. దున్న దూడ ఎందుకూ పనికిరాదని పాలు పెట్టక చంపుకునే చోట్లు ఉన్నాయి. ఆ దూడ పక్కన నిలబడితేనే తల్లి చేపుతోంది, మనకు పాలు వస్తున్నాయి. దాని వాటా దానికి ఇవ్వాల్సిందే.

నెయ్యి ఆపడానికి కారణం తేలికే. కిలో నెయ్యి కావాలంటే గేదె పాలు 14, 15 లీటర్లు పడతాయి. ఉన్న కాస్త పాలు పిల్లల గ్లాసుల్లోకి వెళ్లడమే మంచిదనిపించింది.

నాటుకోళ్లు పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటాయి. 21 రోజులు పొదిగి, పిల్లలు పెద్దయ్యేదాకా మళ్లీ పెట్టవు. ఎండలకు ఇంకా తగ్గుతాయి. ఫారం గుడ్లు తెచ్చి నాటు గుడ్లని అమ్మం.

ఈ నాలుగు నెలలు మాకు టెన్షనే, దాచేదేం లేదు. రాబడి సగమవుతుంది, ఖర్చు సగం కాదు. చూడి గేదెకు ఆఖరి రెండు నెలల్లో దాణా పెంచాలి. వరిగడ్డి కూడా మునుపటిలా దొరకడం లేదు. కోత మిషన్లు వచ్చాక గడ్డి చేలోనే పడిపోతోంది, వెంటనే మొక్కజొన్న వేయాలని చాలామంది తగలబెట్టేస్తున్నారు. కళ్ల ముందు మేత కాలిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఈసారి మేం రైతులతో ముందే మాట్లాడుకుని, మిషన్ వెనకాలే కట్టలు కట్టించి వాము వేశాం. ఎండాకాలం గట్టెక్కడానికి మా ఆయన పగలు ట్రాక్టర్ తోలడానికి వెళ్తారు. చావిడి పని నేనూ అత్తయ్యా చూసుకుంటాం. ఉదయం పాలు ఎప్పటిలాగే ఆయనే తెస్తారు, సాయంత్రం పాలు ఉండవు.

ఐదేళ్లలోపు పిల్లలు, పెద్ద వయసువాళ్లు ఉన్న ఇళ్లకు ముందు పోస్తాం. మిగతావాళ్లకు రోజు విడిచి రోజు అర లీటరు ఇవ్వగలం. అది చాలదనుకుంటే వేరేచోట పోయించుకోండి, మేమేం అనుకోం. సెప్టెంబరులో మళ్లీ కావాలంటే మీ వాటా మీకే ఉంటుంది. మే నెలకు అడ్వాన్స్ కట్టినవాళ్లకు తగ్గిన పాల డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం. మీ ఇంటికి ఎంత కావాలో ఈ నెలాఖరులోపు పాలు పోసేటప్పుడు మా ఆయనకు చెప్పండి.