మూడో లిఫ్టు మీది ఎర్ర బండి

మన వర్క్‌షాపుకు బండి ఇచ్చిన, ఇవ్వబోతున్న అందరికీ నమస్కారం.

జూలై నుంచి లోపలికి అడుగుపెట్టిన ప్రతివారూ ముందుగా అడుగుతున్నది ఒకటే. ఫెయిరింగులు, అంటే ఒంటి మీది ప్లాస్టిక్ తొడుగులు విప్పి ఉన్న ఆ ఎర్ర డుకాటి, ఆ ఇటలీ మోటారు సైకిలు, మూడో లిఫ్టు మీద ఇంకా ఎందుకుంది? మా కుర్రవాళ్ళు "స్పేర్లు రావాలి సార్" అని చెబుతూ వచ్చారు. అది సగం నిజం. మిగతా సగం నా పొరపాటు. యజమాని అనుమతి తీసుకుని, ఆయన పేరు లేకుండా, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. దసరా తరవాత మన దగ్గర కొన్ని పద్ధతులు మారుతున్నాయి. వాటికి మూలం ఆ బండే.

ఆయన దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 2011 మోడల్, తిరిగింది 9,000 కిలోమీటర్లు. ఆ అంకె చూసే మోజు పడ్డారు. కొనేముందు నాకు ఫోన్ చేసి ఉంటే మీటరు సంగతి తరవాత, టైమింగ్ బెల్టులు మార్చిన బిల్లు చూపించమనండి అని చెప్పేవాణ్ణి. ఆ తరం డుకాటి ఇంజిన్లలో వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్టులను తిప్పేవి ఈ రబ్బరు బెల్టులే. బండి కదలకుండా కవరు కింద నిలబడినా రబ్బరుకు వయసు మీద పడుతూనే ఉంటుంది. అందుకే కిలోమీటర్లతో పాటు ఏళ్ళ లెక్క కూడా మాన్యువల్‌లో ఉంటుంది. బెల్టు తెగిందంటే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇంజిన్ పోయినట్టే. ఈయన బండిలో ఉన్నవి ఫ్యాక్టరీలో బిగించిన బెల్టులే. విప్పి చేతిలో పెడితే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

బెల్టులు మార్చడంతో పని అయిపోతే రెండు రోజుల్లో బండి ఇంటికి వెళ్ళేది. దానితో పాటు వాల్వుల సందులు కూడా చూడాలి. మామూలు బండిలో వాల్వును క్యామ్ తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. డుకాటి డెస్మో పద్ధతిలో మూయడానికి కూడా వేరే క్యామ్, వేరే రాకర్ అనే మీట ఉంటాయి. ఫాబియో తాలియోని అనే ఇంజనీరు 1956లో 125 సీసీ రేసు బండిలో దీన్ని పెట్టాడు. వేగం పెరిగితే ఆనాటి స్ప్రింగులు వాల్వును అందుకోలేకపోయేవి, అదీ కారణం. ఆలోచన అందమైనదే. కొలిచేవాడికి మాత్రం పని రెట్టింపు. ఎనిమిది వాల్వులకు పదహారు కొలతలు, డుకాటిదే నాలుగు సిలిండర్ల పానిగాలే వీ4 అయితే పదహారు వాల్వులకు ముప్ఫై రెండు. తేడా వచ్చిన చోటల్లా సరైన మందం ఉన్న షిమ్, అంటే సందు సరిచేసే చిన్న లోహపు ముక్క, వెతికి వేయాలి.

ఆ షిమ్‌లు చేతిలో లేకుండానే నేను ఇంజిన్ విప్పాను. కొలతలు తీసి జూలై 28న ఇటలీకి ఆర్డరు పెట్టాను. ఇన్నేళ్ళుగా ఇదే పనిలో ఉండి కూడా ఆగస్టు సంగతి మరిచిపోయాను. ఆగస్టు 15న మనం జెండా ఎగరేస్తుంటే వాళ్ళకు ఫెర్రాగోస్తో పండుగ. దానికి అటూ ఇటూ చాలా ఫ్యాక్టరీలు, గోదాములు వారాల తరబడి మూసే ఉంటాయి. పార్సిల్ సెప్టెంబరులో వచ్చింది. విప్పితే అందులో ఉన్నవి 8 మిల్లీమీటర్ల వాల్వు కాడకు పట్టే షిమ్‌లు, అంటే సిలిండరుకు రెండేసి వాల్వులుండే ఇంజిన్లవి. ఈ బండికి కావలసినవి 7వి. ఫారంలో ఆ గడి నింపింది నేనే, మా కుర్రవాళ్ళు కాదు. మళ్ళీ ఆర్డరు, మళ్ళీ కస్టమ్స్. ఆ రెండోసారి ఖర్చు ఆయన బిల్లులో వేయలేదు, బెల్టుల కూలీ కూడా తీసుకోవడం లేదు. పోయిన వర్షాకాలం మాత్రం తిరిగి ఇవ్వలేను.

ఇక పండుగకు కొత్త బండి కొందామని నన్ను అడుగుతున్నవారి సంగతి. "ఇటలీ బండ్లను నమ్మవచ్చా?" అంటారు. ఇంజిన్ల గురించి అంత బెంగ అక్కరలేదు. పానిగాలే వీ4కు వాల్వుల తనిఖీ 24,000 కిలోమీటర్లకు ఒకసారి. 2021లో వచ్చిన మల్టీస్ట్రాడా వీ4లో డెస్మో వదిలేసి స్ప్రింగులు పెట్టారు, దానికి 60,000. కొత్త 890 సీసీ వీ2 ఇంజిన్‌లోనూ స్ప్రింగులే, 45,000. ఆదివారం ఉదయం వికారాబాద్ దాకా వెళ్ళి టిఫిన్ చేసి వచ్చే బండికి ఆ అంకె చేరడానికి ఎన్నేళ్ళు పడుతుందో మీరే లెక్క వేసుకోండి. డెస్మో లేని డుకాటి ఒక డుకాటేనా అని పాత అభిమానులు మూతి ముడుస్తున్నారు. రెంచి పట్టేవాణ్ణి, నాకు ఆ బాధ లేదు.

ఈ బండ్లు నా షెడ్డులో వారాల తరబడి పడి ఉండేది పెద్ద ఇంజిన్ జబ్బులతో కాదు. సైడ్ స్టాండు స్విచ్, ఒక సెన్సారు, రెగ్యులేటరు, కింద పడితే విరిగిన క్లచ్ లివరు. వస్తువు అరచేతిలో పడుతుంది, రావడానికి మాత్రం నెల దాటుతుంది. ఈఎంఐ ఏమో ఆగదు. కాబట్టి షోరూములో బండి ఎక్కి కూర్చునే ముందు వెనక ఉన్న సర్వీసు షెడ్డు చూపించమనండి. శిక్షణ పొందిన మెకానిక్‌లు ఎందరు, వారిలో ఎవరు ఎన్నాళ్ళుగా ఉన్నారు, లివర్లూ బ్రేకు ప్యాడ్లూ ఆయిల్ ఫిల్టర్లూ ఈ రోజు అలమరలో ఉన్నాయా అని అడగండి. పానిగాలే వెనక చక్రం నట్టును 230 న్యూటన్ మీటర్లకు బిగించాలి. అంత బిగింపును కొలిచి చూపే టార్క్ రెంచి ఏదని అడిగితే వెంటనే తెచ్చి చూపేవాడు ఒకడు, "మేనేజరు లేరు సార్" అనేవాడు ఇంకొకడు. మీకు తేడా తెలిసిపోతుంది. విజయవాడ నుంచి ఒక కస్టమరు బండిని డీసీఎంలో ఎక్కించుకుని నా దగ్గరికి వచ్చారు. ఆయన కొన్న షోరూము మూతపడింది. ముందే డబ్బు కట్టిన సర్వీసు ప్యాకేజీ కాగితం ఆయన పర్సులోనే ఉండిపోయింది.

వారంటీలో ఉన్న బండిని దయచేసి నా దగ్గరికి తీసుకురావద్దు. నాకు వ్యాపారం పోతుందని తెలిసే చెబుతున్నాను. రీకాల్ పనులు, వారంటీ క్లెయిములు అధీకృత డీలరు దగ్గరే జరగాలి, నేను చేయలేను. సర్వీసు రికార్డులో వాళ్ళ ముద్ర ఉంటే అమ్మేటప్పుడు ధర కూడా నిలుస్తుంది.

ఇటలీదే మరో కంపెనీ ఎంవీ అగుస్టా గురించి నలుగురైదుగురు అడిగారు. అంత అందమైన బండిని నేను చూడలేదు, నా మాట అంతే. కంపెనీ ఎన్ని చేతులు మారిందో మాత్రం చూడండి. 2008లో హార్లే డేవిడ్సన్ కొన్నది, 2010లో తిరిగి కాస్తిల్యోనీ కుటుంబానికి ఇచ్చేసింది. తరవాత సర్దారోవ్ కుటుంబం వచ్చింది. 2022లో కేటీఎం 25.1 శాతం వాటా తీసుకుంది. 2024 నవంబరులో కేటీఎమ్మే ఆస్ట్రియాలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది, ఎంవీ మళ్ళీ సర్దారోవ్ కుటుంబం చేతికి వచ్చింది. నా దగ్గర ఆ బండికి తగిన స్కానరు లేదు, స్పేర్ల నిల్వ లేదు. ఇకపై ఆయిలు మార్పు తప్ప మరే పనికీ దాన్ని తీసుకోను. మొహమాటానికి తీసుకుని లిఫ్టు మీద నిలబెట్టడం కన్నా ముందే కాదనడం నయం.

పాత బండ్లవారికి చిన్న మాట. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. ప్లాస్టిక్ ట్యాంకులు దాన్ని పీల్చుకుని ఉబ్బుతాయి, విప్పిన ట్యాంకు తిరిగి బోల్టుల మీద కూర్చోదు. నెలల తరబడి నిలిపేటట్టయితే ట్యాంకు ఖాళీ చేయండి, బ్యాటరీకి చార్జరు తగిలించి ఉంచండి.

మారుతున్నవి ఇవి. డెస్మో సర్వీసుకు ఇకపై మూడు రోజులు అనను, వారం అంటాను. ఒక షిమ్ కిట్ కొని ఉంచాను. దాని ధర భరించడానికి ఈ సర్వీసు కూలీ 4,000 రూపాయలు పెంచుతున్నాను. జూలై 15 నుంచి సెప్టెంబరు 10 దాకా, స్పేర్లు నా బల్ల మీదికి వచ్చాకే ఇంజిన్ విప్పుతాను. ఆర్డరు పెట్టేముందు ఫ్రేము నంబరు, పార్టు నంబరు మీకు పంపుతాను, మీరూ ఒకసారి చూసి సరేనన్నాకే డబ్బు కడదాం. సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు చూసిపెట్టడానికి 2,500 రూపాయలు. దాని మీద బేరం వద్దు, పాతిక లక్షల బండి కొంటూ అక్కడ బేరమాడటం బాగుండదు.

రెండో పార్సిల్ నిన్న వచ్చింది. 7 మిల్లీమీటర్లవే, స్క్రూ గేజితో నేనూ కొలిచాను, మా పెద్ద మెకానిక్ చేత కూడా కొలిపించాను. ఆయుధ పూజ నాటికి రెంచీలకు బొట్టు పెట్టే లోపే ఆ బండి లిఫ్టు దిగాలి. ఆ ఉదయం తొమ్మిదింటికి స్టార్టు చేస్తాం. యజమాని వస్తున్నారు. చూడాలనుకునేవారు రండి, కానీ ఇతర బండ్ల డెలివరీలు ఆ రోజు ఉండవు.