రామాలయం అరుగు మీద క్యారేజీ పెట్టి వెళ్లిన మీకు

అన్నో అక్కో తెలీదు, ముందుగా మీకు దండం.

ఏప్రిల్ 24న బడికి సెలవులిచ్చారు. పిల్లలకి పండగే, నాకే గుండెల్లో రాయి పడింది. బడి ఉంటే డొక్కా సీతమ్మ గారి పేరున మధ్యాహ్నం అన్నం, వారానికి అయిదు గుడ్లు. సెలవుల్లో అవేవీ ఉండవు. నేను పొద్దున్నే ఉపాధి పనికి పోతే తిరిగొచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది.

రెండో వారం నుంచి రోజూ పన్నెండింటికల్లా అరుగు మీద పెద్ద స్టీలు క్యారేజీ. అన్నం, పప్పు, పల్చటి మజ్జిగ. వీధిలో పదకొండు మంది పిల్లలకీ సరిపోయేది. గోంగూర పప్పు కారంగా ఉందని ఒకరోజు మా చిన్నోడు ఏడ్చాడట. మర్నాటి నుంచి వాడికి విడిగా చిన్న గిన్నెలో పెరుగన్నం! అంటే మీరు ఎక్కడో నిలబడి చూస్తూనే ఉన్నారన్నమాట.

కరువు ప్రాంతాల్లో వేసవిలోనూ బడి భోజనం పెట్టాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పిందట, మాస్టారు అన్నారు. మాది కరువు మండలం కాదు. ఆకలికి మండలాలు తెలుస్తాయా ఏంటి!

జూన్ 12న బడి తెరిచారు. మీ క్యారేజీ మూత ఒకటి మా ఇంట్లోనే ఉండిపోయింది. తోమి పెట్టాను. దాని కోసమైనా ఓసారి రండి, ఆ పూట మా ఇంట్లోనే తిందురుగాని.