షెల్టర్ హోమ్ జమా ఖర్చులు (జూలై–అక్టోబర్), ఇల్లు మారిన ఖర్చు సంగతి కూడా

అందరికీ నమస్కారమండి. ఇంట్లో హింస తట్టుకోలేక పిల్లల్తో వచ్చిన ఆడవాళ్ల కోసం నడుపుతున్న మన షెల్టర్ హోమ్ లెక్కలు దసరాకే పెడతామన్నాం, లేటయింది, తప్పు మాదే.

జమ: పాత నిల్వ 11,340. ఫోన్‌పే, చేతికిచ్చినవి కలిపి 1,84,500. చవితి మండపం దగ్గర పెట్టిన డబ్బాలో 9,260. మొత్తం 2,05,100. పూర్ణా మార్కెట్ నుంచి ఒకాయన నెలనెలా బియ్యం బస్తా దించి పేరు రాయొద్దంటున్నారు, అది ఇందులో లెక్కేయలేదు. ఆయనకి చాలా థ్యాంక్స్.

ఖర్చు: సరుకులు, గ్యాస్ 58,640. కరెంటు, నీళ్లు 9,870. మందులు 4,310. పిల్లల బ్యాగులు, పుస్తకాలు 7,450. వంటామెకి, రాత్రి కాపలా ఆమెకి కలిపి 40,000 (ఇవ్వాల్సింది 68,000, ఇంకా 28,000 బాకీ. వాళ్లిద్దరూ ఒక్కమాట అనలేదు, మాకే సిగ్గుగా ఉంది).

ఇక అందరూ అడుగుతున్న ఇల్లు, 65,600.

ప్రభుత్వ గ్రాంటు జూన్‌తో ఆగింది. బడ్జెట్లో కోత పడింది, మీ హెడ్డు (పద్దు) కింద డబ్బుల్లేవు అని ఆఫీసులో నోటిమాటగా చెప్పారు, కాగితం మాత్రం ఇవ్వలేదు, నాలుగుసార్లు తిరిగాం. అద్దె ఆ గ్రాంటులోంచే కట్టేవాళ్లం కాబట్టి జూలై, ఆగస్టు అద్దె పాత అడ్వాన్సు 24,000లో పోయింది. "పాత అడ్వాన్సు ఏమైంది" అని గ్రూపులో అడిగిన వాళ్లకి జవాబు ఇదే, ఎవరూ తినలేదు. సెప్టెంబర్లో మా దగ్గర ఉంటున్న ఒకామె భర్త అడ్రస్ పట్టుకుని ఇద్దర్ని వెంటేసుకొచ్చి రాత్రి గేటు దగ్గర నానా గొడవ చేశాడు, పోలీసులొచ్చారు, ఓనర్ గారు ఖాళీ చెయ్యమన్నారు, ఆయన్నీ అనలేం. పదకొండు ఇళ్లు చూశాం. ఆడవాళ్లే ఉంటారు, కేసులు నడుస్తున్నాయి అనగానే తలుపులేసేసుకున్నారు. ఇచ్చిన ఒక్కరూ 15,000 అద్దె అన్నారు, బేరమాడే పరిస్థితి లేదు. రెండు నెలల అడ్వాన్సు 30,000, అక్టోబర్ అద్దె 15,000, పాత ఇంటి సెప్టెంబర్ అద్దె 12,000, వ్యాను, గ్రిల్ గేటు 8,600.

అగ్రిమెంటు ఫొటో ఎందుకు పెట్టలేదంటే అందులో అడ్రస్ ఉంది. అది బయటికెళ్తే మళ్లీ మొదటికొస్తాం. చూడాలనుకున్న దాతలు కమిటీ వాళ్ల ఇంటికి రండి, చూపిస్తాం, ఫోన్ పక్కన పెట్టాలి అంతే.

"సఖి సెంటర్ ఉంది కదా" అన్నారు ఒకరు. అది హింసకి గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే సెంటరే, కానీ అక్కడ ఉండనిచ్చేది ఐదు రోజుల వరకే. గృహహింస చట్టం 2005లో మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని రాసుంది గానీ వాయిదాలు ఎలా పడతాయో మీకు తెలీనిది కాదు. ఐదో రోజు తర్వాత పిల్లల్ని పట్టుకుని ఆమె ఎక్కడికెళ్లాలి, బస్సు కాంప్లెక్స్‌లో పడుకోవాలా? (రాత్రి ఎవరికైనా అర్జెంటైతే ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి, మా నంబరు ఒక్కోసారి కలవదు.)

మొత్తం ఖర్చు 1,85,870. చేతిలో 19,230. జీతాల బాకీకే చాలదు.

చందా రాయించిన 17 మందిలో ఆరుగురి నుంచి 38,000 రావాలి. పేర్లు పెట్టడం లేదు. కాకపోతే మీటింగులో అందరికంటే ఎక్కువ ప్రశ్నలేసింది ఆ ఆరుగురిలో ఇద్దరే అని మాత్రం చెప్పక తప్పట్లేదు. నవంబర్ అద్దె ఐదో తారీఖుకి కట్టాలి, ఈలోపు వేసేస్తే బావుంటుంది.